జోగమ్మ ఉతికిన బట్టలు

పెళ్ళయి చోడవరం దగ్గరి పల్లె నుంచి మల్కాపురం వచ్చిన కొత్తలో తాయారుకు అత్తగారంటే హడలు. జోగమ్మ మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. ఇంటి అరుగు మీద నిలబడి ఎవరినైనా పిలిచిందంటే వీధి చివర కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు సైతం బిందెలు దించి వెనక్కి తిరిగి చూసేవారు. పని దగ్గర మాత్రం ఆమె అరిచేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, చేత్తో చేయించి నేర్పేది.

అలా నేర్పిన మొదటి పని బట్టలు ఉతకడం.

మామగారు వరహాలుది ఓడల మీద లాగింగ్ పని. మరమ్మతుకు వచ్చిన ఓడల్లో బాయిలర్లకూ ఆవిరి గొట్టాలకూ వేడి బయటికి పోకుండా రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, కప్పడమన్నమాట. రాతినార పొడిని నీళ్ళతో ముద్దలా కలిపి గొట్టాలకు మెత్తాలి, పైన రాతినార గుడ్డ చుట్టి కుట్టాలి, పాతబడిపోయిన కప్పును సుత్తితో కొట్టి రాల్చాలి. ఆ రాల్చేటప్పుడే ఓడ కడుపంతా తెల్లటి పొగ కమ్మేసేది. పనివాళ్ళు దాన్ని తెల్లపొడి అనేవారు. సాయంత్రం వరహాలు ఇంటికొస్తుంటే పిండిమరలోంచి లేచి వచ్చిన మనిషిలా కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. తాయారు పెనిమిటి అప్పలసూరి కూడా తండ్రి వెనకే ఆ పనిలో చేరాడు. కాబట్టి ఇంట్లో రెండు జతల ఖాకీ బట్టలు రోజూ ఉతుకుడికి వచ్చేవి.

"ఒలే తాయారూ, ఇటు సూడు. ఈ బట్టని ఊరికినే నీల్లలో ముంచీసినావనుకో, పొడి ముద్ద కట్టీసి పోగుల్లో కూకుండిపోద్ది. ముందు బాగా దులపాల," అని జోగమ్మ చొక్కాను రెండు చేతులా పట్టి పెరటి గోడకేసి కొట్టేది. తెల్లటి దుమ్ము లేచి ఎండలో మెరిసేది. ఆమె మొహం కాస్త పక్కకు తిప్పుకుని మళ్ళీ కొట్టేది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ, అంటే మనకు స్వతంత్రం వచ్చిన కొద్ది ఏళ్ళ తరవాత నుంచీ, ఆమె చేస్తున్న పని అది. వీధిలో ఏ ఇంటి ఖాకీ కూడా జోగమ్మ ఆరేసిన ఖాకీలా ఉండదని అందరూ ఒప్పుకునేవారు. తాయారు ఆ విద్యను భయభక్తులతో నేర్చుకుంది.

కాపురానికి వచ్చిన మరుసటి ఏడు చందనోత్సవానికి అత్తాకోడళ్ళు సింహాచలం వెళ్ళారు. కొండ మీదికి బస్సు ఉన్నా జోగమ్మ ఏనాడూ ఎక్కలేదు. అప్పన్నను చూడాలంటే కాళ్ళతోనే వెళ్ళాలని ఆమె పట్టుదల. ఏటా తనకన్నా చిన్నవాళ్ళను వెనకేసుకుని చకచకా ఎక్కేసేది. ఆ ఏడు సగం కొండ ఎక్కకుండానే ఒక మెట్టు మీద చతికిలబడింది. కుడి పక్క డొక్క పట్టుకుని ఊపిరి కోసం నోరు తెరిచింది. కంగారుపడిన కోడలి వైపు చూసి నవ్వు తెచ్చుకుంది.

"మెట్లు పెంచీసినారేటే ఈ మధ్యన?"

తాయారు నవ్వలేకపోయింది.

తరవాత నెలలు గడిచే కొద్దీ ఆయాసం ఎక్కువైంది. బిందె ఎత్తితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. వీధి చివరి డాక్టరు క్షయ అని మందులిచ్చాడు. ఆ రోజుల్లో అలాంటి దగ్గు వస్తే ఎవరైనా మొదట అనుమానించేది దాన్నే. మందులు వాడినంత కాలం వాడారు, మనిషి మాత్రం చిక్కిపోతూనే ఉంది. చివరికి పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆడవాళ్ళ వార్డు కాబట్టి తోడు తాయారే ఉంది. అప్పటికి ఆమె నెల తప్పింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని సూదితో తీశారు. తీసిన నీరు మళ్ళీ చేరింది. పక్కటెముకల మధ్య నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. వరహాలు జోగమ్మ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"మీ ఆయన ఏం పని చేస్తారమ్మా?" అని అడిగింది.

జోగమ్మ చెప్పింది. డాక్టరమ్మ ఆ మాట చీటీలో రాసుకుంది. తరవాత, "ఆయన బట్టలు ఎవరు ఉతుకుతారు?" అంది.

"ఎవులుతుకుతారు? నానే," అంది జోగమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడు డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. రాతినార పొడిలో కంటికి ఆనని సన్నటి ముళ్ళలాంటి పోగులుంటాయి. పీల్చిన గాలితోపాటు లోపలికి పోయి ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలో గుచ్చుకుని ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఎప్పటికో అక్కడ క్యాన్సర్ గడ్డ పుడుతుంది. దాని పేరు మీసోథీలియోమా. ఓడల్లో పనిచేసిన మగవాళ్ళలో ఈ జబ్బు తాను ఇదివరకు చూసింది. తగ్గించే మందు లేదు. నీరు తీసి, నొప్పి తగ్గించి, ఉన్నంత కాలం సుఖంగా ఉండేలా మాత్రం చూడగలరు.

వరహాలు మంచం ఊచ పట్టుకున్నాడు. "దుమ్ము మింగింది నాను కదమ్మా," అన్నాడు. "జబ్బు దానికెందుకొచ్చింది?"

"ఎవరికి వస్తుందో, ఎవరిని వదిలేస్తుందో మేం చెప్పలేం," అంది డాక్టరమ్మ. "మీరూ పరీక్ష చేయించుకోవాలి. ఇక మీదట ఆ బట్టలు అసలు ఇంటికే తీసుకురాకూడదు."

బస్సులో తిరిగి వస్తూ వరహాలు ఏడ్చేశాడు. ఓడ దిగేటప్పుడు ఒక్కసారైనా బట్టలు మార్చుకుని రాలేదే అని తలకొట్టుకున్నాడు. జోగమ్మ ఆయన చెయ్యి పట్టి ఒళ్ళో పెట్టుకుంది. "ఊరుకో మావా. నువ్వు తెలిసి తెచ్చినావేటి? నాను తెలిసి దులిపినానేటి?" అని, కొంగు చివర అందించి, "నలుగురూ సూత్తన్నారు, కల్లు తుడుసుకో," అంది. మీసోథీలియోమా అన్న మాట ఆమెకు ఎంత ప్రయత్నించినా నోరు తిరగలేదు. దుమ్ము జబ్బు అని పేరు పెట్టుకుంది. తరవాత ఆ వీధిలో దానికి అదే పేరు స్థిరపడింది.

మర్నాడు పొద్దున తాయారు అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్ళి మొగుడి చొక్కా అందుకుంది. చేతులు వాటంతటవే పైకి లేచాయి.

"ఒలే, దులపకు!"

కొన్నాళ్ళుగా గొంతు పెగలని మనిషి అరిచిన అరుపు అది. జోగమ్మ మంచం దిగి గుమ్మం పట్టుకుని నిలబడింది. తాయారు చొక్కా వదిలేసి పరుగెత్తి అత్తను పొదివి పట్టుకుంది.

జోగమ్మ కోడలి కడుపు వైపే చూస్తోంది. "ఈ పని నీకు నేర్పింది నానే కదే," అంది. ఆమె కళ్ళ నీళ్ళు తాయారు చూడటం అదే మొదలు, అదే ఆఖరు. "నానే మరిపిత్తాను."

ఆ పూటే అరుగు మీద ముక్కాలి పీట వేసుకుని కూర్చుని కొత్త పద్ధతి చెప్పింది. బట్టలు విప్పిన చోటే తొట్టిలోకి జారవిడవాలి. దులపకూడదు, విదిలించకూడదు. నీళ్ళ లోపలే పిసకాలి. గోడా నేలా తడిగుడ్డతో తుడవాలి, చీపురు ముట్టకూడదు. ఇదంతా తన ఇంటికి చాలు. మరి మిగతా ఇళ్ళ సంగతి? ఆ వీధిలో లాగింగ్ పనివాళ్ళ కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రతి పెరట్లోనూ పొద్దున్నే ఎవరో ఒకరు చొక్కా గోడకేసి కొడుతూనే ఉన్నారు. సాయంత్రం తండ్రి గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలు ఎగిరి మీద పడుతూనే ఉన్నారు.

జోగమ్మ కోడలి భుజం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. రెండు ఇళ్ళకోసారి కూర్చోవాల్సి వచ్చేది. కొందరు విని తలూపి ఊరుకున్నారు. కొందరు, జబ్బు మనిషి ఏదో చాదస్తం మాట్లాడుతోందని పక్కకు తిరిగి నవ్వుకున్నారు. ఒకావిడైతే, దుమ్ముతో జబ్బులొచ్చేటట్టయితే ఊరంతా ఈపాటికి శ్మశానమై ఉండేదని మొహం మీదే అనేసింది. ప్రేమలీల ఒక్కతె చివరిదాకా విన్నది. ఆమె మొగుడు దయానందం వరహాలుతో కలిసి పనిచేసేవాడు. ఆమె కాన్వెంటు బడిలో ఆయాగా ఉండేది.

"మా ఇంట్లో పిల్లలు ఆ చొక్కా జేబుల్లో బెల్లం బిల్లల కోసం ఎతుకుతారు పిన్నీ," అంది ప్రేమలీల, మొహం పాలిపోయి. "నాను తడిపి ఉతికితే మాత్రం ఏటి లాభం? అప్పటికే ఇల్లంతా తిరిగొచ్చీసింది కదా ఆ దుమ్ము."

"అదేనే నాను సెప్తన్నది. బట్టలు అక్కడే ఉండాల. నీల్లు అక్కడే పోసుకోవాల."

దానికి కుళాయి కావాలి, గది కావాలి. అవి కట్టించాల్సింది లాగింగ్ కాంట్రాక్టరు నీలకంఠం. అతను కూడా ఒకప్పుడు వరహాలుతో సమానంగా సుత్తి పట్టినవాడే. పెళ్ళి కాని రోజుల్లో వీళ్ళింటి ముందు గదిలోనే ఉండేవాడు, జోగమ్మ చేతి కూడే తినేవాడు. తరవాత చిన్నగా కాంట్రాక్టులు పట్టి, రేవు దగ్గర షెడ్డు వేసి, పదిమందికి పని ఇచ్చే స్థితికి ఎదిగాడు. వరహాలు వెళ్ళి అడిగితే, "సూద్దాం అన్నా, ఈ ఓడ ఎల్లిపోనీ," అన్నాడు. ఆ ఓడ వెళ్ళింది, మరో ఓడ వచ్చింది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు.

"నానెల్తాను," అంది జోగమ్మ.

"ఆడి బట్టలు కూడా ఉతికినావు కదా ఆ రోజుల్లో, ఆ మాట గుర్తు సెయ్యి," అన్నాడు వరహాలు.

జోగమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ మాటంటే నా మీద జాలి పడి నాకేటో ఇచ్చీసి పంపించీత్తాడు. నాకొద్దు మావా. అందరికీ గావాల."

ఒక సోమవారం పొద్దున షెడ్డు గేటు ముందు రిక్షా ఆగింది. దాంట్లోంచి జోగమ్మ దిగింది. వెనక ప్రేమలీల, తాయారు, వాళ్ళ వెనక వీధిలోని ఆడవాళ్ళు. మొదట నవ్వినవాళ్ళలో కొందరు కూడా ఉన్నారు. అందరి చేతుల్లోనూ తడిపిన గోనెసంచుల మూటలు, వాటిలో మొగుళ్ళ పని బట్టలు. గేటు ఎదురుగా ఒకదాని పక్కన ఒకటి దించారు. నీళ్ళు కారి మట్టిలో చారలు కట్టాయి. పనిలోకి వచ్చిన మగవాళ్ళు ఎటు చూడాలో తెలియక నిలబడ్డారు. అప్పలసూరి సిగ్గుతో తల దించుకుని, "అమ్మా, ఇంటికెల్దాం రా," అని గొణిగాడు. జోగమ్మ వినిపించుకోలేదు.

నీలకంఠం బయటికి వచ్చాడు. "ఏటిది వదినా? ఈ మూటలేటి?"

"మీ పని బట్టలు బాబూ. ఈయాల్టి నుంచి ఇయ్యి మా ఇల్లకి రావు. ఇక్కడే విప్పాల, ఇక్కడే ఉతకాల. ఆల్లు నీల్లు పోసుకుని, ఇంటి బట్టలు కట్టుకుని ఇంటికి రావాల. కుళాయి ఏయించు, గది కట్టించు."

"ముప్పయ్యేల్ల నుంచీ సేత్తన్న పని ఇది. ఎవులికేటయిందని?"

జోగమ్మ జవాబు చెప్పబోయింది. ఊపిరి అందలేదు. ప్రేమలీల ముందుకు రాబోతే చేత్తో ఆపింది. అందరూ ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఆమె గుండెలు ఎగసిపడటం, మెడ నరాలు లాక్కుపోవడం అక్కడున్న ప్రతి మగవాడూ చూశాడు. నీలకంఠానికి తన ప్రశ్నకు జవాబు దొరికినట్టే ఉంది. చూపు దించుకున్నాడు.

"నీ వైద్యం నాను సేయిత్తాను వదినా," అన్నాడు మెత్తబడి. "ఎక్కడికంటే అక్కడికి పంపిత్తాను."

"నా వైద్యం నాను సూసుకుంటాను," అంది జోగమ్మ, ఒక్కో మాటా కూడదీసుకుని, తాయారు వైపు చెయ్యి చూపిస్తూ. "ఇదిగో, దీని కడుపులో పసిగుంట ఉంది. దానికి నువ్వు సెయ్యాల్సింది సెయ్యి."

నీలకంఠం ఓడ వైపు చూశాడు. పని ఆగితే ఓడ ఆగుతుంది, ఆపైన కాంట్రాక్టు పోతుంది. "సరే, సూద్దాం. ముందు పన్లోకి రండి," అని మగవాళ్ళను పిలిచాడు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు వరహాలు తన ఒంటి మీది ఖాకీ చొక్కా విప్పాడు. దాన్ని దులపకుండా, మడిచి, పెళ్ళాం తెచ్చిన గోనెసంచిలో పెట్టాడు. నెరిసిన వెంట్రుకల ఛాతీతో గేటు ముందు కూర్చున్నాడు. దయానందం కూడా విప్పాడు. ఒకరి తరవాత ఒకరు చొక్కాలు విప్పి కూర్చున్నారు. అప్పలసూరి అందరికన్నా ఆలస్యంగా విప్పాడు గానీ, విప్పాక వచ్చి తల్లి కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. ఎండ ముదిరేదాకా ఎవరూ లేవలేదు. చివరికి నీలకంఠం మేస్త్రీని పిలిపించి, షెడ్డు వెనక ఎక్కడ గోడ లేపాలో అందరి ఎదుటా గీత గీయించాడు. ఆ గీత చూశాకే మగవాళ్ళు పనిలోకి వెళ్ళారు.

ఆ నెలలోనే గది లేచింది. కుళాయిలు వచ్చాయి, సిమెంటు తొట్టి వచ్చింది. పని బట్టలు ఒక పక్క, ఇంటి బట్టలు ఇంకో పక్క. పాత కప్పును రాల్చే ముందు నీళ్ళు కొట్టి తడపాలన్న నియమం కూడా పెట్టారు. అది పరీక్షకు వెళ్ళిన దయానందానికి డాక్టరమ్మ చెప్పి పంపిన మాట. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తొట్టి దగ్గర బట్టలు ఉతికేదెవరు? కూలికి మనిషిని పెడతానన్నాడు నీలకంఠం. ఆ మనిషికి మాత్రం ఊపిరి ఉండదా అంది జోగమ్మ. అలా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటుంటే వరహాలు లేచాడు.

"నానుతుకుతాను. ఎలాగూ నా ఒంట్లోకి పోవాల్సింది పోయింది."

జన్మలో తన తువ్వాలు కూడా తడుపుకోని మనిషి ఆయన. జోగమ్మ పెరట్లో మంచం వేయించుకుని, దుమ్ము అంటని ఇంటి చొక్కా ఒకటి నీళ్ళలో వేయించి, మొగుడికి పాఠం చెప్పింది. తాయారు వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అలగ కాదు మావా. పామును పట్టినట్టు పడతావేటి? నీల్లలోనే ఉండనీ. లోపలే నొక్కు. ఊఁ, అలగ. ఆ కాలరు నీ అబ్బొచ్చి ఉతుకుతాడేటి?"

"ఇన్నేల్లూ ఇంత కట్టపడినావేటే జోగీ?"

"మరేటనుకున్నావు?"

ఆ మాట అని జోగమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. వరహాలు తడి చేతులతోనే వచ్చి వీపు నిమిరాడు.

ఒంట్లో కాస్త ఓపిక ఉన్న రోజుల్లో ఆమె రిక్షా కట్టించుకుని వేరే వీధులకు వెళ్ళేది. గాజువాక వైపు బాయిలర్ పనులు చేసే చిన్న చిన్న కంపెనీల వాళ్ళు ఉండేవారు. అక్కడి ఆడవాళ్ళను పోగుచేసి చెప్పేది. మాట రాని రోజున ప్రేమలీల మాట్లాడేది, ఆమె పక్కన కూర్చుని అవునన్నట్టు తలూపేది. రెండు చోట్ల కుళాయిలు వచ్చాయి. ఇంకొన్ని చోట్ల గేటు కూడా తీయలేదు. దాని గురించి ఆమె దిగులు పడింది గానీ మానుకోలేదు.

ఒక ఆదివారం నీలకంఠం జోగమ్మను చూడటానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. "నా చొక్కాలు కూడా నువ్వే ఉతికేదానివి వదినా," అన్నాడు. "ఆయాల గేటు కాడ ఆ మాట అంటావేమోనని బయపడ్డాను."

"ఎందుకంటాను? నువ్వు అప్పుడు మా ఇంట్లో మనిసివి," అంది జోగమ్మ. "కూడు తినెల్లు. తాయారు సేపల పులుసు ఎట్టింది."

నీలకంఠం తిన్నాడు. కోడలు వడ్డిస్తుంటే తల ఎత్తలేకపోయాడు.

తాయారుకు ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం అయ్యాక బిడ్డను తెచ్చి జోగమ్మ ఎడమ పక్కన పడుకోబెట్టారు. కుడి పక్క నొప్పి. ఆ పిల్ల ఊపిరి తీసి వదులుతుంటే పొట్ట ఎలా ఎగసిపడుతుందో ఆమె వేలితో తాకి చూసేది. గంటలు గంటలు అదే చూస్తూ ఉండేది. నీరు తీయించడానికి ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రమే పిల్లను వదిలేది. పిల్ల బోర్లపడటం చూసింది. పాకడం చూడలేదు. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, అందరూ చుట్టూ ఉండగా, కోడలి చెయ్యి పట్టుకుని కన్నుమూసింది. అది 1980.

తరవాత కూడా వరహాలు చాలా ఏళ్ళు ఆ తొట్టి దగ్గర పనిచేశాడు. ఎక్స్‌రేలో ఆయన ఊపిరితిత్తుల మీద కూడా మచ్చలు కనబడ్డాయి గానీ, జబ్బు అంత దూరం రాలేదు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా చొక్కా విదిలిస్తే మాత్రం ఎంత పెద్దమనిషినైనా కసిరేవాడు. స్టీల్ ప్లాంటు పనులు ఊపందుకున్నాక అప్పలసూరి, దయానందం అక్కడ బాయిలర్ పనులు చేసే ఒక కంపెనీలో చేరారు. చేరిన మొదటి రోజు మేనేజరు ఏ పని ఎక్కడో చూపిస్తుంటే, అప్పలసూరి అడ్డుపడి స్నానాల గది ఎక్కడని అడిగాడట. ఇంకా కట్టలేదన్నారట. కట్టేదాకా ఆ ముఠా మొత్తం పొడి ముట్టుకోలేదని ప్రేమలీల వచ్చి తాయారుకు చెప్పింది. తాయారు వింటూ, స్కూలు నుంచి వచ్చిన కూతురికి జడ విప్పుతోంది. పిల్ల కదులుతూ, "ఎవరమ్మా, నాన్నా వాళ్ళకి అలాగ నేర్పింది?" అని అడిగింది.

"మీ నానమ్మే," అంది తాయారు. దువ్వెన పక్కన పెట్టి, పిల్లను తన వైపు తిప్పుకుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.